ముఖపరిచయం: మెదడు, అనుభవం

కవికి కుడి మెదడు, విమర్శకుడికి ఎడమ మెదడు అని పంచిపెట్టే మాట మన సాహిత్య వ్యాసాల్లోకి కూడా వచ్చింది. మనిషి శక్తులన్నీ పుట్టుకతోనే స్థిరపడి ఉంటాయన్న భావం దీని వెనుక ఉంది. ముఖాలను గుర్తుపట్టే శక్తి విషయంలో ఇదెంతవరకు నిలుస్తుందో చూద్దాం.

మూర్ఛరోగ చికిత్సకోసం మెదడు రెండు అర్ధగోళాల మధ్య వంతెనను కోసిన రోగులను లెవీ, ట్రెవార్థెన్, స్పెర్రీలు పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించారు. చూపు నడిమి చుక్కమీద నిలపమని, చెరిసగం ఇద్దరి ముఖాలు అతికిన బొమ్మను క్షణకాలం చూపారు. ఎవరో నోటితో చెప్పమంటే రోగులు ఎక్కువగా కుడివైపు ముఖాన్ని, అంటే ఎడమ మెదడు చూసినదాన్ని చెప్పారు. వేలితో చూపమంటే ఎడమవైపు ముఖాన్ని, అంటే కుడి మెదడు చూసినదాన్ని చూపారు. పేరు పెట్టడంలో ఎడమ మెదడుది, పోల్చుకోవడంలో కుడి మెదడుది పైచేయి. కళ్ళు, ముక్కు, నోరు విడివిడిగా కాక, వాటి మధ్య ఎడాన్నీ పొందికనూ కుడి మెదడు ఒక్కసారిగా పట్టుకుంటుంది. ప్రబంధాల్లో అవయవాల వరసన వర్ణించిన నాయిక మనకు ఒక మనిషిగా గుర్తుండకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

అయితే ఈ పైచేయి అనుభవం లేకుండా సిద్ధించదు. శైశవంలో ఎడమకంటి చూపు ప్రధానంగా కుడి అర్ధగోళానికి చేరుతుంది. ఎడమకంట పుట్టుశుక్లంతో మొదటి నెలలు గడిపినవారు, చికిత్స జరిగిన ఏళ్ళ తరవాత కూడా ముఖాల్లోని ఎడాల తేడాలను సరిగా పట్టలేకపోయారని 2003లో కెనడా పరిశోధకులు చూపారు. కుడికంట శుక్లం ఉన్నవారికి ఆ లోటు రాలేదు. పుట్టుక ఇచ్చింది మొగ్గు మాత్రమే.

మన హైదరాబాదులోనే మరో నిదర్శనం ఉంది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులతో కలిసి హాంబర్గ్ విశ్వవిద్యాలయపు బ్రిగిటె రోడర్ బృందం చేసిన పరిశోధన 2013లో వెలువడింది. ముఖం కనబడిన సుమారు 170 మిల్లీసెకన్లకు మెదడులో లేచే విద్యుత్తరంగం, ఇతర వస్తువులకు లేచేదానికన్నా పెద్దది. పుట్టుశుక్లాలు ఆలస్యంగా తీయించుకున్నవారిలో ఆ తేడా కనిపించలేదు. కొంతకాలం చూశాక శుక్లాలు వచ్చినవారిలో కనిపించింది.

రావికమతం వంటి ఊళ్ళో పసిబిడ్డ కంటిపాపలో తెల్లమచ్చను సకాలంలో గుర్తించేవారున్నారా, ఆపరేషను కొద్ది వారాల్లో అందుతుందా అన్నదానిమీద ఆ బిడ్డ రేపు ముఖాలను పోల్చుకోగలగడం చాలావరకు ఆధారపడుతుంది. కూలి మానుకుని పట్నం వెళ్ళలేని తల్లి బిడ్డకు ఆ అవకాశం తక్కువ. శక్తులను పుట్టుకకు అంటగట్టే రచయిత ఈ తల్లిని తన లెక్కలోంచి తప్పిస్తున్నాడు.