దండ వేసేది కంప్యూటర్!

మార్చి మూడో శుక్రవారం. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం పన్నెండు. మనకు రాత్రి తొమ్మిదిన్నర. అక్కడి వైద్య కళాశాలల్లో కుర్రాళ్లూ అమ్మాయిలూ చేతిలో కవరు పట్టుకుని గుండెలు చిక్కబట్టుకుని నిలబడతారు. ఇక్కడ గుంటూరులోనో వరంగల్లోనో ఓ ఇంట్లో అమ్మ వంటిల్లు సర్దడం ఆపేసి హాల్లోకి వచ్చేస్తుంది. నాన్న టీవీ సౌండు తగ్గిస్తాడు. అబ్బాయి ఫోన్లో మెయిల్ తెరుస్తాడు. రాబోయే మూడేళ్లు ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రిలో గడపాలో అందులో ఒకే ఒక్క ముక్కలో ఉంటుంది. నచ్చినా నచ్చకపోయినా అంతే!

దాన్ని 'మ్యాచ్ డే' అంటారు. ఎంబీబీఎస్ చదివి అమెరికా వెళ్లే మన పిల్లల్లో ఎక్కువమంది ఎంచుకునేది ఇంటర్నల్ మెడిసిన్... అంటే మన ఎండీ జనరల్ మెడిసిన్ లాంటిదే. మూడేళ్ల చదువు. గుండె డాక్టరు కావాలన్నా, జీర్ణకోశ నిపుణుడు కావాలన్నా ముందు ఈ గుమ్మం దాటాల్సిందే. ఏటా పదివేలకు పైగా సీట్లుండే అతిపెద్ద విభాగమిది. విదేశీ పట్టభద్రులకు తలుపులు ఎక్కువగా తెరిచేదీ ఇదే.

మన దగ్గరైతే నీట్ పీజీ ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటాం, ర్యాంకును బట్టి సీటొస్తుంది. అక్కడ వ్యవహారం వేరు. విద్యార్థి ఆస్పత్రులకు వరస పెడతాడు. ఆస్పత్రులూ విద్యార్థులకు వరస పెడతాయి. ఎవరి జాబితా ఎవరికీ కనబడదు. రెండింటినీ కలిపి జోడీ కుదిర్చేది కంప్యూటర్. స్వయంవరంలో దండ రాకుమారి చేతిలో ఉంటుంది కానీ ఇక్కడ ఆ పాట్లు కూడా యంత్రానివే.

ఇదంతా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే 1940ల్లోకి వెళ్లాలి. మంచి కుర్రాళ్లను పక్క ఆస్పత్రి ఎగరేసుకుపోతుందేమోనని అమెరికా ఆస్పత్రులు పోటీపడి, చదువు పూర్తికావడానికి రెండేళ్ల ముందే సీట్లు ఇచ్చేసేవి. ఆ తొందరను కట్టడి చేస్తే కొత్త తంటా మొదలైంది. సీటిస్తున్నామని టెలిగ్రాం... ఆలోచించుకోవడానికి 1945లో పదిరోజులిచ్చేవారు, 1949 నాటికి పన్నెండు గంటలు కూడా ఎక్కువన్నారు! చివరికి 1952లో ఈ ఉమ్మడి పద్ధతి వచ్చింది. దానికి ముందు తయారుచేసిన నమూనాలో లోపం ఉందని, నిజాయతీగా వరస పెట్టినవాడే నష్టపోతాడని గొడవ చేసి మార్పించింది ఎవరో ప్రొఫెసర్లు కాదు, వైద్య విద్యార్థులు. హార్వర్డ్‌లో చదువుతున్న హార్డీ హెండ్రెన్ వారికి ముందు నిలిచాడు. తర్వాత ఆయన పిల్లల శస్త్రచికిత్సలో పెద్ద పేరయ్యాడు. 1998 మ్యాచ్ నాటికి ఆల్విన్ రాత్, ఎలియట్ పెరన్సన్ కలిసి లెక్కను విద్యార్థి వైపు నుంచి మొదలయ్యేలా తిరగరాశారు. ఇలాంటి జోడీల గణితానికే 2012లో రాత్‌కూ, లాయిడ్ షాప్లీకీ ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పెళ్లిచూపుల సీజను

సెప్టెంబరులో దరఖాస్తులు. 2025 సీజన్లో మొదటి ముప్ఫై ఆస్పత్రులకు తలా 11 డాలర్లు, ఆపైన ఒక్కోదానికీ 30 డాలర్లు. వందకు పెడితే 2,430 డాలర్లు... అంటే రెండు లక్షల రూపాయల పైమాటే. మనవాళ్లు వందతో ఆగడం అరుదు. 'మీరంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం' అని ముందే చెప్పుకోవడానికి ఇంటర్నల్ మెడిసిన్ అభ్యర్థికి మూడు బంగారు, పన్నెండు వెండి సంకేతాలు ఇస్తున్నారు. వాటిని ఎక్కడ వాడాలన్నది మరో తలనొప్పి.

అక్టోబరు నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు. 2020లో కరోనాతో ఇవి ఆన్‌లైన్‌లోకి మారాయి. విమానం ఖర్చు తప్పింది కానీ ఆస్పత్రిని కళ్లారా చూసే అవకాశమూ చాలామందికి పోయింది. ఇక పెళ్లిచూపులే! అందరూ నవ్వుతారు, అంతా బాగుందంటారు. తర్వాత 'మీరు మాకు బాగా నచ్చారు' అని మెయిళ్లూ వస్తాయి. మగపెళ్లివారి 'ఏ విషయమూ కబురు పెడతాం' లాంటివే ఇవి కూడా. ఎవరిని ఎన్నో స్థానంలో పెట్టారని అడగడానికి రెండు వైపులా నిబంధనలు ఒప్పుకోవు.

ఫిబ్రవరిలో వరస పెట్టాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 'పెద్ద యూనివర్సిటీ ఆస్పత్రి నాకెక్కడ ఇస్తుందిలే, దాన్ని మొదట పెడితే చిన్నదీ పోతుందేమో' అన్న భయంతో తప్పక వస్తుందనుకున్నదాన్ని పైకి తెస్తారు. ఆ భయం అనవసరం. లెక్క ఇలా నడుస్తుంది. ఒకమ్మాయి మొదట బోస్టన్‌లో పెద్దాస్పత్రి పెట్టింది, ఐదోది మిషిగాన్‌లో చిన్నది. కంప్యూటర్ ముందు బోస్టన్‌ను అడుగుతుంది. ఖాళీ ఉంటే తాత్కాలికంగా కూర్చోబెడుతుంది. ఆ ఆస్పత్రి ఇంకా ఇష్టపడ్డ అభ్యర్థి వస్తే ఈమెను లేపి రెండోదానికి పంపుతుంది. అలా దిగుతూ మిషిగాన్ చేరిందనుకోండి, అప్పటికే అక్కడ కూర్చున్నవారి కంటే ఆ ఆస్పత్రి జాబితాలో ఈమె పైనుంటే వారిని లేపి మరీ చోటిస్తుంది. ఆలస్యంగా వచ్చిందని చిన్నచూపు ఉండదు. కాబట్టి రాదనుకున్న సీటును మొదట పెట్టడం వల్ల పైసా నష్టం లేదు. చచ్చినా వెళ్లలేననుకున్న చోటును మాత్రం అసలు రాయకూడదు. వస్తే వెళ్లి తీరాలి, మాట తప్పితే మళ్లీ మ్యాచ్‌లో పాల్గొనకుండా నిషేధించే అవకాశమూ ఉంది.

మరి ఏది పైన, ఏది కింద? బంధువుల నోట నానిన ఊరి పేరు కంటే పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. అక్కడ చదివినవారు తర్వాత ఎక్కడ తేలారు? కార్డియాలజీ ఫెలోషిప్పులు సొంత ఆస్పత్రిలో ఉన్నాయా? బోర్డు పరీక్షలో ఎందరు గట్టెక్కుతున్నారు? ఈ లెక్కల్ని బోర్డే బయటపెడుతుంది. 2003 నుంచి వారానికి సగటున 80 గంటలకు మించి పనిచేయించకూడదు. మొదటి ఏడాది డాక్టరు చేతిలో పదిమందికి మించి వార్డు రోగులుండకూడదు. కాగితం మీద అంతా ఇవి పాటించేవాళ్లే. నిజం తెలియాలంటే ప్రొఫెసర్లు లేనప్పుడు సీనియర్లను అడగాలి. 'రాత్రి డ్యూటీలో పెద్ద డాక్టరుకు ఫోన్ చేస్తే విసుక్కుంటారా?' అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు, కొన్నిసార్లు జవాబుకు ముందు వచ్చే మౌనం, వెబ్‌సైట్ మొత్తం చెప్పనిది చెబుతుంది.

మన పిల్లలకు మరో చిక్కు... వీసా. జే-1 మీద వెళ్తే చదువయ్యాక రెండేళ్లు స్వదేశానికి రావాలి. లేదా మినహాయింపు తెచ్చుకోవాలి. 1994లో మొదలైన కాన్రాడ్ పథకం కింద ఏటా రాష్ట్రానికి ముప్ఫై చొప్పున ఎందరో డాక్టర్లు అలా వైద్యులు దొరకని పల్లెల్లో మూడేళ్లు పనిచేసి అక్కడే స్థిరపడ్డారు. హెచ్-1బీ ఇచ్చే ఆస్పత్రులు మొదట్నుంచీ తక్కువే. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అది రెసిడెంటు ఏడాది జీతం కంటే ఎక్కువ. అదే ఏడాది మే, జూన్ నెలల్లో జే-1 ఇంటర్వ్యూలు కొన్ని వారాలు ఆగిపోయాయి. జులై 1న డ్యూటీలో చేరాల్సిన పిల్లలకు అప్పుడు నిద్ర కరవైంది.

సోమవారం గండం

భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే 1984 నుంచి జంటగా వరస పెట్టే వీలుంది. ఒక ఊరు, రెండు సీట్లు. రాకపోతే ఇద్దరికీ రావు. అందుకే జంటల జాబితాలు చాంతాడంత ఉంటాయి.

శుక్రవారం కంటే భయపెట్టేది ముందొచ్చే సోమవారం. సీటొచ్చిందా లేదా అన్నది ఆరోజే తెలుస్తుంది, ఎక్కడన్నది చెప్పరు. అమెరికా ఎండీ విద్యార్థుల్లో నూటికి తొంభైమందికి పైగా గట్టెక్కుతారు. 2024లోనూ 2025లోనూ అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో పదిమందిలో నలుగురికి దాదాపుగా రాలేదు. వాళ్లకు ఆ వారంలోనే మిగులు సీట్ల కోసం మరో పరుగు. అదీ కాకపోతే మళ్లీ సెప్టెంబరు. డిగ్రీ చేతికొచ్చి ఏళ్లు గడిచేకొద్దీ చాలా ఆస్పత్రులు దరఖాస్తు కూడా చూడవు. ఆ సోమవారం రాత్రి ఇక్కడి ఇళ్లలో చుట్టాల ఫోన్లు ఎత్తరు.

ఎత్తే ఇళ్లూ ఉంటాయి. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక అబ్బాయి ఏదో ఊరి పేరు చెబుతాడు. జాబితాలో నాలుగోది. నాన్న ఫోన్లో మ్యాప్ తెరిచి వేళ్లతో పెద్దది చేస్తూ వెతుకుతుంటాడు. "అక్కడ చలి ఎక్కువా?" అంటుంది అమ్మ.