చప్పుడు చేయని జబ్బు

తెల్లవారుజామున నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళారంటే, చేతులు ఊపుకుంటూ చురుకుగా నడిచే పెద్దలు కనిపిస్తారు. నడక రక్తపోటును అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది. ఇంతకీ రక్తపోటు అంటే ఏమిటి?

గుండె పంపే రక్తం ధమనుల గోడలపై కలిగించే పీడనమే రక్తపోటు. గుండె ముడుచుకొన్నప్పుడు అది సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసం ఎత్తుకు సమానం. ఇది తక్కువనుకోకండి! పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు. గుణించి చూడండి: అదే పీడనం నీటిని 163 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మనిషి ఎత్తుకు లేపగలదు. పోటు 140 అయితే 190 సెంటీమీటర్లకు!

వయసు పైబడినకొద్దీ ధమనులు సాగే గుణం కోల్పోయి బిరుసెక్కుతాయి. పోటు పెరుగుతుంది. చాలామందిలో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాని లోలోపల గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్ళు దెబ్బతింటాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. "నాకు బాగానే ఉందిరా" అని తాతగారు మాత్రలు మానేస్తారు. పోటు అదుపులో ఉన్నది ఆ మాత్రల వల్లనే! డాక్టరును అడగకుండా మానితే అది మళ్ళీ పెరుగుతుంది. పక్షవాతం కూడా రావచ్చు.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఊరగాయలో, అప్పడంలో ఉన్న ఉప్పూ లెక్కలోదే.

అబిడ్స్ దుకాణాల్లో మాత్రలు దొరుకుతాయి. వేళకు గుర్తుచేసే పని మాత్రం మీది. మాత్ర వేసుకున్న ప్రతిరోజూ గోడమీది కేలండరులో తాతగారి చేతనే గుర్తు పెట్టించండి.