విశాలదృశ్య ఛాయాచిత్రములు: తీయు విధము, దిద్దు విధము



సంస్కృతాంధ్రములు చదివి, జీవితమంతయు పాఠశాలలో విభక్తులు వల్లెవేయించిన వృద్ధునకు ఛాయాగ్రహణముతో పని యేమని మీలో కొందఱు శంకింపవచ్చును. ఆ శంక సహేతుకమే. కావున నాకీ విద్య యేల కావలసివచ్చినదో ముందుగా మనవి చేసెదను.

మా గ్రామము కృష్ణాతీరమున, సంగమేశ్వరమునకు సమీపమున నుండెడిది. 1981వ సంవత్సరమున శ్రీశైల జలాశయమునకై ఆ ప్రాంతపు గ్రామములు పెక్కులు ఖాళీయై నీట మునిగినవి. వానిలో మాది యొకటి. అప్పటికి నేను ఇరువదియేండ్లు దాటినవాడను. మా యింట మిగిలిన ఛాయాచిత్రము ఒక్కటే. అది మా అక్క వివాహమునాడు పందిటిలో తీసినది. అందు పెండ్లికుమార్తె యున్నది, బంధువులున్నారు, పందిరిగుంజలు కూడ నున్నవి. ఊరు మాత్రము లేదు. వీథి యేవైపు తిరిగెడిది, బావినుండి రేవునకు దూరమెంత, తూర్పున నల్లమల కొండలు మా యింటి అరుగుమీదినుండి ఎట్లు కనబడెడివి యను విషయములలో నేడు మా గ్రామస్థులు ఇద్దఱు ఒక్కమాట చెప్పరు. వాదములు జరుగుచున్నవి; సాక్ష్యము లేదు.

ఎండకాలమున జలాశయము తగ్గినపుడు సంగమేశ్వరాలయము నీటినుండి బయటపడును. మా యూరి పునాదిరాళ్లును అట్లే కొన్ని దినములు పైకి వచ్చును. ఆ దినములలో నేలను, ఏటిని, కొండలను ఒకే చిత్రమున పట్టవలెనని సంకల్పించి, ఈ వయస్సున నా మనుమని సెల్‌ఫోనుతో శిష్యరికము మొదలిడితిని.

ఇట్టి చిత్రమును పనోరమా యందురు. గ్రీకుభాషలో 'పాన్' అనగా సర్వము, 'హొరామా' అనగా దృశ్యము. రాబర్టు బార్కరు అను చిత్రకారుడు ఎడింబరో నగరమును కొండమీదినుండి చుట్టును చూచి, వలయాకారమగు బట్టమీద చిత్రించు పద్ధతికి 1787లో పేటెంటు పొందెను. ఛాయాగ్రహణము వచ్చిన పిమ్మట, 1858లో ఫెలిచే బియాటో లక్నో నగరమును పలు పలకలమీద వరుసగా తీసి ప్రక్కప్రక్కన అతికించెను. నేడు ఆ అతుకుపనిని ఫోనులోని యంత్రమే చేయుచున్నది. కాని అతుకవలసిన ముక్కలను సరిగా నిచ్చు భారము మనదే.

నా మొదటి ప్రయత్నము నవ్వులపాలయ్యెను. చేతులు చాచి ఫోను పట్టుకొని, పొలములో దిష్టిబొమ్మవలె నిలిచి, నడుము త్రిప్పుచు తీసితిని. చిత్రమున దగ్గఱి రాతిస్తంభము రెండుగా చీలినది. ఎదుట పోవుచున్న మేకలలో నొకదానికి ఆఱు కాళ్లు వచ్చినవి. మనుమడు చూచి, "తాతా, నువ్వు ఫోన్‌ని ఊరంతా ఊరేగిస్తున్నావు. అది ఉన్నచోటే తిరగాల" అనెను. వాని మాటలో శాస్త్రమున్నది. దానిని కొంచెము విస్తరించెదను, ఏలయన ఈ విద్య కంతకును మూలమిదియే.

మీ చూపుడువ్రేలిని ముఖమునకు జానెడు దూరమున నిలిపి, ఒక కన్ను మూసి, తలను ప్రక్కకు కదల్చుడు. వ్రేలు దూరపు చెట్టుమీదినుండి ప్రక్కకు జరిగినట్లు కనబడును. చెట్టు కదలలేదు, వ్రేలు కదలలేదు. చూచు స్థానము కదలినది. ఫోనును చేతులు చాచి త్రిప్పినపుడు దాని కటకము రెండడుగుల వ్యాసార్ధముగల వృత్తముమీద ప్రయాణము చేయును. అందుచే దగ్గఱి వస్తువులు వెనుకనున్న కొండలపై ఒక్కొక్క ముక్కలో నొక్కొక్కచోట పడును. అప్పుడు అతుకు ఎట్లు కుదురును? కావున కటకము ఒక్కచోటనే నిలిచి తిరుగవలెను. మనము దానిచుట్టు అడుగులు వేయవలెను. ఇందులకు నేను తాపీపనివాండ్రు గోడ నిలువు చూచుకొను గుండుదారమును ఆశ్రయించితిని. కటకమునకు సరిగా క్రిందుగా దారము వ్రేలాడునట్లు ఫోనునకు కట్టి, నేలమీద చిన్న రాయి నుంచి, గుండు ఆ రాయిమీదనే యుండునట్లు మెల్లగా తిరిగితిని. ఖర్చు లేదు, ఫలితము దివ్యము. కొండలు, నీరు మాత్రమే యున్న దూరదృశ్యమునకు ఇంత శ్రమ అక్కఱలేదు. పది బారలలోపల స్తంభమో, చెట్టో యున్నపుడే ఇది ముఖ్యము.

పనోరమా తీయుటకు మార్గములు రెండు. ఫోనులోనే ఆ పేరుగల ఏర్పాటును తెఱచి, తెరమీది గీతను తప్పక మెల్లగా త్రిప్పుట మొదటిది. ఫోనును నిలువుగా పట్టుడు. అడ్డముగా పట్టినచో చిత్రము నాడావలె సన్నగిలును. విడివిడిగా చిత్రములు తీసి పిమ్మట కలుపుట రెండవది. నిలువుగా పట్టిన సామాన్యపు ఫోను ఒక్కొక్క చిత్రమున సుమారు 50 డిగ్రీల మేర చూచును. ప్రతి చిత్రమును ముందుదానిలో మూడవవంతు మరల కలుపుకొనవలెను గనుక, అర్ధవృత్తమునకు అయిదు చిత్రములు చాలును. ఆ ఉమ్మడిభాగము లేనిచో యంత్రమునకు ఏ ముక్క దేని ప్రక్కదో తెలియదు. వెలుగును గూర్చి యొక మాట. ఫోను ప్రతి ముక్కకును వెలుగును తన యిష్టమువచ్చినట్లు మార్చుకొనును. అప్పుడు ఆకాశమున చారలు పడును. పెక్కు ఫోనులలో తెరమీద ఒకచోట వ్రేలిని నొక్కి పట్టినచో వెలుగు, స్పష్టత బిగిసి నిలుచును. మిక్కిలి ప్రకాశమానమగు భాగమును చూచి బిగించుట మేలు. మొదట ఉత్తరీయపు చెఱగుతో కటకమును తుడువ మఱవకుడు. నేను మఱచితిని, ఒకనాటి పని యంతయు మంచుపట్టినట్లు వచ్చినది.

ఫోనును క్రిందికి వంచి తీసినచో దిగంతరేఖ వంగును. కన్నుల యెత్తున నిటారుగా పట్టినచో అది తిన్నగా నుండును. అయినను, దగ్గఱనున్న తిన్నని చెఱువుకట్ట మాత్రము విల్లువలె వంగియే కనబడును. అది మీ దోషము కాదు. వంపుతలముమీది దృశ్యమును చదునుచేయుటవలన కలుగు వికారము. కట్టకు దూరముగా జరిగిన కొలది అది తగ్గును.

ప్రొద్దును గూర్చి నేను పొరపడితిని. ఉదయము చల్లగా నుండునని పోయి, తూర్పుకొండలకు ఎదురుగా సూర్యుని మ్రోల నిలిచితిని. కొండలు తెల్లని పొగయైనవి. మఱునాడు సాయంకాలము నాలుగున్నరకు పోయితిని. ఎండ వీపుమీద పడుచుండగా కొండల మడతలు, ఏటి గట్లు, పునాదుల నీడలు అన్నియు విడివిడిగా తేలినవి. మట్టమధ్యాహ్నము నీడలుండవు గనుక నేల చదునుగా తోచును. కదలు వస్తువులు దాటిపోవు వఱకు ఆగుడు. మనము త్రిప్పు దిక్కుననే పోవు బండి సాగిపోవును. ఎదురు వచ్చునది కుఱుచయగును. పూర్ణవృత్తము తిరుగవలెనను ఉబలాటము మొదటివారికి సహజము. దాని నణచుకొనుడు, అర్ధవృత్తము దాటిన చిత్రమును ఏ గోడయు మోయదు. దృశ్యమధ్యమున ఒక మనిషిని కదలక నిలిపినచో దూరములకు కొలత దొరకును.

దిద్దుటయందు మితము పాటింపవలెను. ముందుగా అసలుచిత్రమునకు నకలు తీసి, నకలునే దిద్దుడు. దిగంతరేఖను తిన్నగా చేసి, అంచులలో ఎగుడుదిగుడులను కత్తిరించి, నీడలను కొంచెము తేర్చిన చాలును. రంగులను పెంచు మీటలు మనుమలకు ప్రియము; వారు మా కృష్ణను నీలిమందు తొట్టివలె చేసిరి. ఆకాశము బాగుగా లేదని వేఱొక ఆకాశము నతికించుట నా దృష్టిలో దొంగపత్రము పుట్టించుటయే. అచ్చునకు అంగుళమునకు 250 చుక్కల లెక్కను, 12,000 చుక్కల వెడల్పుగల చిత్రము నాలుగడుగుల పొడవున స్పష్టముగా వచ్చును. వెనుకవైపున తేది, నిలిచినచోటు, ఎడమ కుడి దిక్కులు వ్రాయుడు.

ఆ నాలుగడుగుల చిత్రమును మా పెద్దమ్మ మంచముమీద పఱచితిమి. ఆమెకు తొంబది దాటినవి. చాలసేపు పలుకక, వ్రేలితో ఏటి వంపును రాచుచు వచ్చి, ఒక రాళ్లకుప్పయొద్ద ఆగి, "ఇది మన గడప" అనెను. అటనుండి బావికి, బావినుండి రేవునకు వ్రేలు సాగినది. మా యిద్దఱి వాదములును తప్పేయని తేలినది. ఎడమకొసకు వచ్చునప్పటికి చిత్రము ముగిసినది. "చింతతోపు ఏదిరా? మీ నాయనను దహనము చేసినది ఆడనే కదా" అని అడిగెను. దానిని నేను చేర్చలేదు. ఈయేడు నీరు తగ్గగానే గుండుదారము తీసికొని, ఇంకొక రెండు చిత్రముల మేర ఎడమనుండి మొదలిడుటకు పోవుచున్నాను.