అడ్డం – నిలువు

పాఠ్యభాగ ఉద్దేశం

భాషను వాడుకోవడం వేరు, భాషను పరిశీలించడం వేరు. నిత్యం మాట్లాడే మాటలనే విడదీసి, తిప్పి, కలిపి చూడటం వల్ల పదజ్ఞానం పెరుగుతుంది. ఆలోచనకు క్రమశిక్షణ అలవడుతుంది. గూఢమైన ఆధారాలు గల పదబంధ ప్రహేళికను మొదటిసారి పూరించేవారికి ఎదురయ్యే చిక్కులను, వాటిని దాటే మార్గాలను తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆదివారం పత్రికలో ఒక పుటను చాలామంది చూసీ చూడనట్లు దాటివేస్తారు. అందులో నలుపు తెలుపు గళ్ళు ఉంటాయి. వాటి కింద ‘అడ్డం’, ‘నిలువు’ అనే రెండు శీర్షికలు, ప్రతి శీర్షిక కింద అంకెలు వేసిన చిన్న చిన్న వాక్యాలు ఉంటాయి. వాక్యాలు తెలుగులోనే ఉంటాయి. ప్రతి మాటకూ అర్థం తెలుస్తుంది. కాని వాక్యం ఏమి అడుగుతున్నదో మాత్రం అంతుపట్టదు. తెలిసిన భాష తెలియని భాషలా తోచే ఆ క్షణమే ఈ క్రీడకు ప్రవేశద్వారం.

వరంగల్లులో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థిని మొదటిసారి అటువంటి గళ్ళ ముందు కూర్చున్నదని ఊహిద్దాం. 1 అడ్డం ఆధారం ఇది: “దేవుడిచ్చినదానికి అందెల సవ్వడిలో సగం తోడైన కాకతీయుల రాజధాని (4)”. కుండలీకరణంలోని అంకె జవాబులోని అక్షరాల సంఖ్యను తెలుపుతుంది. ఆమె వాక్యం చివరి రెండు మాటలు చదివింది. పుట్టి పెరిగిన ఊరి చరిత్ర ఆమెకు తెలియనిది కాదు. వెంటనే కలం తీసి ‘ఓరుగల్లు’ అని నాలుగు గళ్ళూ నింపింది. ఆ తరువాత 1 నిలువు చూసింది: “నవల చెదిరిన కారణంగా (3)”. తాను వ్రాసిన జవాబు ప్రకారం ఈ మాట ‘ఓ’తో మొదలుకావాలి. ఏ నవల? ఎందుకు చెదిరింది? ఎంత ఆలోచించినా ‘ఓ’తో మొదలయ్యే మాట ఏదీ అమరలేదు. అరగంట గడిచింది. పత్రిక మూసివేసి, ఇది పండితుల వినోదమే కాని తనవంటివారికి కాదని ఆమె అనుకొన్నది.

మొదటి ప్రయత్నంలో దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతారు. లోపం తెలివితేటలది కాదు, చదివే పద్ధతిది.

పదాల గళ్ళకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1913 డిసెంబర్ 21, ఆదివారం నాడు ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు వజ్రాకారంలో గళ్ళు గీసి మొదటి ప్రహేళికను ప్రకటించాడు. అందులోని ఆధారాలు సూటియైనవి. అర్థం చెబితే మాట చెప్పాలి. ఆ క్రీడ ఇంగ్లండుకు చేరిన తరువాత మరొక రూపం దాల్చింది. 1926లో ‘అబ్జర్వర్’ పత్రికకు ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ పూర్తిగా గూఢమైన ఆధారాలతో ప్రహేళికలు కూర్చడం ప్రారంభించాడు. ఆయన పెట్టుకొన్న మారుపేరు ‘టార్కెమాడా’. అది స్పెయిన్‌లో మతవిచారణ పేరిట జనాన్ని హింసించిన అధికారి పేరు. పూరించేవారిని తాను పెట్టే యాతన ఆయనకు తెలియనిది కాదన్నమాట! 1930లో లండన్ ‘టైమ్స్’ కూడా ఈ శీర్షికను స్వీకరించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 జనవరిలో ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రిక ఒక ప్రహేళికను పన్నెండు నిమిషాలలో పూరించే పోటీ పెట్టింది. అందులో పాల్గొన్న కొందరిని శత్రువుల రహస్యలిపిని ఛేదించే బ్లెచ్లీ పార్క్ కేంద్రంలో పనికి ఆహ్వానించారు. కాలక్షేపంగా కనిపించే ఈ క్రీడ అలవరచే దృష్టి ఎంత విలువైనదో ఈ సంఘటన తెలుపుతుంది.

తెలుగులో ఈ ప్రక్రియకు ఆదరణ కలిగించినవారు సామాన్యులు కారు. మహాకవి శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అనే పేరుతోను, ఆరుద్ర ‘గళ్ళనుడికట్టు’ అనే పేరుతోను పత్రికలలో వీటిని నిర్వహించారు. కవిత్వంలో మాటను కొత్తగా పలికించినవారే గళ్ళలో మాటను దాచిపెట్టడంలోనూ ఆనందం పొందారు.

గూఢమైన ఆధారంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి జవాబుకు అర్థం. రెండవది జవాబులోని అక్షరాలను సమకూర్చుకొనే మార్గం. అర్థం సాధారణంగా వాక్యానికి మొదటనో చివరనో ఉంటుంది. కొన్ని ఆధారాలలో మాత్రం రెండు భాగాలూ ఒకటిలో ఒకటి ఒదిగిపోతాయి. వాక్యం పైకి చెప్పే కథ ఒక తెర. ఆ తెరను చూస్తూ కూర్చున్నవారికి మాట దొరకదు. తెరను తొలగించి, ప్రతి పదం అక్కడ ఏ పని చేస్తున్నదని ప్రశ్నించినవారికే దొరుకుతుంది.

“కవి తలపులో దాగినది (3)” అనే ఆధారం చూడండి. ‘కవి తలపు’ అనే అక్షరాలను వరుసగా చదివితే మొదటి మూడింటిలో ‘కవిత’ దాగి ఉంది. కవి తలపులో దాగి ఉండేదీ కవితే కదా! “పలక తిరగవేస్తే వడ్రంగికి కావలసిన సరుకు (3)” అన్నప్పుడు చేతిలోని పలకను కాదు, ‘పలక’ అనే మాటను తిరగవేయాలి. ‘కలప’ వస్తుంది. “సూర్యుడు పంచేది, ప్రభుత్వం పెంచేది (2)” అన్న ఆధారంలో రెండు అర్థాలు ఒకే మాటను చూపుతున్నాయి. ‘కరం’ అంటే కిరణం. ‘కరం’ అంటే పన్ను. నానార్థాలను పరీక్ష కోసం వల్లె వేసిన విద్యార్థికి అవి ఇక్కడ ప్రాణం పోసుకొని ఎదురవుతాయి.

ఈ మెలకువలు ఒకటొకటిగా గ్రహించిన తరువాత ఆ విద్యార్థిని తిరిగి 1 నిలువు దగ్గరకు వచ్చిందనుకొందాం. “నవల చెదిరిన కారణంగా (3)”. చెదిరింది కథ కాదు, ‘నవల’ అనే మూడక్షరాలు. వాటిని మరొక వరుసలో పేరిస్తే ‘వలన’. ‘కారణంగా’ అనే అర్థం సరిపోయింది, అక్షరాలూ సరిపోయాయి. కాని ‘వలన’ మొదటి అక్షరం ‘వ’. గడిలో ఉన్నది ‘ఓ’. రెండింటిలో ఒకటి తప్పు. ఏది?

ఇక్కడే ఈ క్రీడ నేర్పే అసలు పాఠం ఉంది. ‘వలన’ అనే జవాబును ఆధారంలోని రెండు భాగాలూ సమర్థిస్తున్నాయి. ‘ఓరుగల్లు’ అనే జవాబును ‘కాకతీయుల రాజధాని’ అనే సగం మాత్రమే సమర్థిస్తున్నది. నిజానికి ఆ అర్థానికి ఓరుగల్లు, వరంగల్లు, ఏకశిల అనే మూడు పేర్లూ తగినవే, మూడూ నాలుగక్షరాలవే. ఏది వ్రాయాలో చరిత్ర జ్ఞానం తేల్చలేదు, ఆధారమే తేల్చాలి. దేవుడిచ్చినది ‘వరం’. అందెల సవ్వడి ‘గల్లుగల్లు’; అందులో సగం ‘గల్లు’. జవాబు ‘వరంగల్లు’. తెలిసిన ఊరి పేరే ఆమెకు అడ్డుపడింది. జవాబు తెలుసునన్న నమ్మకం ప్రశ్నను పూర్తిగా చదవనీయలేదు. చివరి రెండక్షరాలు మాత్రం సరిగానే ఉండటం వల్ల తప్పు మరింత నిజంలా కనిపించింది. సగం నిజమైన తప్పును దిద్దుకోవడం కష్టం.

అందుచేతనే అనుభవజ్ఞులు మొదట పెన్సిలు వాడతారు. అడ్డంగా వచ్చిన మాటకు నిలువు మాట సాక్ష్యం చెప్పేవరకు దానిని తుదిజవాబుగా భావించరు. తోచని ఆధారం దగ్గరే తల పట్టుకొని కూర్చోక మరొకదానికి వెళతారు. ఖాళీగా వదలిన గడి అవమానం కాదు. ఊహతో నింపిన గడి దాని పక్క గళ్ళన్నింటినీ చెడగొడుతుంది.

తెలుగు గళ్ళకు ఒక ప్రత్యేకత ఉంది. ఆంగ్లంలో ఒక గడికి ఒక వర్ణం. తెలుగులో ఒక గడికి గుణింతంతోను, ఒత్తుతోను, సున్నతోను కూడిన పూర్తి అక్షరం. ‘వరంగల్లు’ను వ–రం–గ–ల్లు అని నాలుగు గళ్ళలో వ్రాయాలి. కాబట్టి అడ్డం మాటా నిలువు మాటా కలిసే చోట హల్లు మాత్రమే కాదు, దానిపైని అచ్చు కూడా కలవాలి. ‘ల్లు’తో మొదలయ్యే తెలుగు మాట లేదు కనుక ఆ గడి మీదుగా నిలువు మాట పోవాలంటే ఇల్లు, విల్లు, ముల్లు వంటి మాటను పైనుండి దింపాలి. పూరించేవారి కష్టం వెనుక కూర్పరి కష్టం ఇంత ఉంటుంది.

కూర్పరికి ఒక ధర్మం కూడా ఉంది. తాను చెప్పినట్లు పైకి కనిపించేది నిజం కానక్కరలేదు. కాని తాను చెప్పదలచినది మాత్రం ఆ మాటలలో తప్పక ఉండాలి. 1949లో ఆంగ్ల కూర్పరి ఎ. ఎఫ్. రిచీ ఈ నియమాన్ని స్పష్టంగా ప్రతిపాదించాడు. మభ్యపెట్టవచ్చు, మోసగించరాదు. జవాబు తెలిసిన తరువాత పూరించినవారు ‘ఇది న్యాయమే’ అని అంగీకరించగలగాలి.

ఈ గళ్ళ రూపం పడమటి దేశాలది. కాని మాటను దాచి చెప్పే కళ మనకు కొత్త కాదు. ఏడవ శతాబ్ది నాటి బాణుడు ‘కాదంబరి’లో శూద్రక మహారాజు వినోదాలను చెబుతూ అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం, ప్రహేళిక వంటివాటిని పేర్కొన్నాడు. ఒక అక్షరాన్నో మాత్రనో తొలగించి మరొక అర్థాన్ని రాబట్టడం వీటిలో మొదటి రెండింటి స్వభావం. దండి ‘కావ్యాదర్శం’లో పదహారు రకాల ప్రహేళికలను వివరించాడు. పదాల సంధిలో అర్థాన్ని దాచేది ‘సమాగత’. ప్రసిద్ధమైన అర్థంతో భ్రమింపజేసి మరొక అర్థాన్ని ఉద్దేశించేది ‘వంచిత’. నేటి గూఢ ఆధారాలకు ఈ పేర్లు చక్కగా సరిపోతాయి. ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ‘ప్రతాపరుద్రీయం’ శబ్దాలంకారాలలో భాగంగా పద్మబంధం వంటి చిత్రరచనలను చర్చించింది. పద్మం నడుమ ఉన్న ఒక్క అక్షరం చుట్టూ ఉన్న రేకులన్నింటికీ చెందుతుంది. అడ్డం, నిలువు మాటలు పంచుకొనే గడి చేసే పనీ అదే. ఇక పల్లెలలో నిరక్షరాస్యులు సైతం పొడుపుకథ వేసి విప్పమన్నారు. పొడుపు, విడుపు అనే జంట మాటలు మన జానపదుల సొత్తు.

ఆ విద్యార్థిని గళ్ళలో చివరికి ఒక్క ఆధారం మిగిలింది: “కాలి కింద పని, కంచంలో పచ్చడి (2)”. ఆమె నిఘంటువు తిరగవేసింది. పుస్తకాలలో కనిపించే పెద్ద మాటలన్నీ తలచుకొన్నది. ఏదీ కుదరలేదు. రాత్రి భోజనం వేళ తల్లి అడిగింది: “తొక్కు ఏసుకుంటవా బిడ్డా?” కాలితో చేసే పని తొక్కు, మామిడికాయతోనో చింతకాయతోనో చేసిన పచ్చడి, తెలంగాణ ఇళ్ళలో, తొక్కు. ఇంట్లో రోజూ వినిపించే మాట గళ్ళలోకి వస్తుందని ఆమె అనుకోలేదు. బడిలో వ్రాసే తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు అనే గీత ఆమె మనస్సులో ఎప్పుడో పడిపోయింది. ఈ ఓరుగల్లు నేల మీదనే కాళోజీ నారాయణరావు ప్రజల పలుకుబడికి గౌరవం దక్కాలని జీవితమంతా వాదించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. రెండు గళ్ళలో ఒదిగిన ఆ చిన్న మాట ఆ వాదాన్ని ఆమెకు అనుభవంలోకి తెచ్చింది.

గళ్ళన్నీ నిండినప్పుడు బహుమతి రాకపోవచ్చు. జవాబులు వచ్చే వారం పత్రికలో ఎలాగూ వస్తాయి. అయినా తానే విప్పిన ఒక్క ఆధారం పది అచ్చైన జవాబులకంటె ఎక్కువ కాలం గుర్తుంటుంది. మొదటిరోజు నాలుగు మాటలే పూరించగలిగినా అది ఓటమి కాదు. మరునాడు ఏ వాక్యాన్ని చదివినా, అది ఏమి చెబుతున్నదో, ఎలా చెబుతున్నదో రెండింటినీ గమనించే చూపు అలవడుతుంది. ఆ చూపు గళ్ళ దగ్గరే ఆగిపోదు.

కఠిన పదాలు – అర్థాలు

ప్రహేళిక = అర్థాన్ని దాచి చెప్పే మాటల క్రీడ, పొడుపు
కూర్పరి = గళ్ళను, ఆధారాలను సమకూర్చేవారు
సవ్వడి = చప్పుడు
నానార్థాలు = ఒకే పదానికి గల వేర్వేరు అర్థాలు
చ్యుతం = జారినది, తొలగినది
పలుకుబడి = మాట్లాడే తీరు, వాడుక భాష

ప్రశ్నలు

1. గూఢమైన ఆధారంలోని రెండు భాగాలను సోదాహరణంగా వివరించండి.
2. ‘ఓరుగల్లు’ అనే జవాబు ఎందుకు తప్పయింది? దాని నుండి గ్రహించవలసిన నీతి ఏమిటి?
3. ప్రాచీన సాహిత్యంలోని ప్రహేళికలకు, నేటి గళ్ళకు గల పోలికలను తెలపండి.
4. ‘తొక్కు’ అనే జవాబు విద్యార్థిని ఆలోచనలో తెచ్చిన మార్పును వ్రాయండి.
5. ఈ ఆధారాన్ని సాధించండి: “గెలుపు తల తెగినా గెలుపే (2)”. మీ ఇంట్లో వాడే ఒక మాటకు మీరే ఒక ఆధారం కూర్చండి.