కొండ పగుళ్లు చదివిన ప్రొఫెసర్

చీనాబ్ వంతెనతో దేశమంతా తెలిసిన పేరు గాలి మాధవీలత. ఆవిడ పరిశోధన మొదలైంది మాత్రం మెత్తని బంకనేలతో. కోనసీమ పిల్లలు తెలుసుకోవాల్సిన కథ అదే!

2025 జూన్ 6న జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ రైలు వంతెన ప్రారంభమైంది. ‘వంతెన కట్టిన తెలుగు మహిళ’ అంటూ ప్రొఫెసర్ మాధవీలత పేరు ఊరూవాడా మోగిపోయింది. ఆవిడేమో ఆ కిరీటం నాకొద్దన్నారు. కొండవాలు జారకుండా నిలబెట్టడంలో, ఆ వాలు మీద పునాదుల డిజైన్‌లో సాయపడ్డాననీ, ఘనత వేలమందిదనీ చెప్పారు. ఆ సాయం వెనక దశాబ్దాల చదువుంది.

పంటు రోజుల్లో కాకినాడ

ఆమెది ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు. కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో 1992లో సివిల్ బీటెక్ పూర్తిచేశారు. అమలాపురం పిల్లలు ఇంజినీరింగ్ అంటే ఆశగా చూసే కాలేజీల్లో అదొకటి. యానాం-ఎదుర్లంక వారధి అప్పటికింకా రాలేదు. కోనసీమ నుంచి కాకినాడ వెళ్లే పిల్లలు అక్కడ గౌతమి దాటాలంటే పంటు ఎక్కాల్సిందే.

తర్వాత వరంగల్‌ ఆర్‌ఈసీలో బంగారు పతకంతో ఎంటెక్, 2000లో మద్రాసు ఐఐటీ నుంచి పీహెచ్‌డీ. గువాహటి ఐఐటీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చారు. అక్కడి సివిల్ విభాగంలో తొలి మహిళా అధ్యాపకురాలు ఆమే. ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ 2021లో ఉత్తమ మహిళా పరిశోధకురాలిగా ఎంపిక చేసింది.

కుంగే నేలకు గదుల పరుపు

పీహెచ్‌డీలో ఆమె పట్టుకున్న సమస్య కోనసీమ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మెత్తటి బంకనేల మీద గట్టు పోస్తే కుంగుతుంది, పక్కకు జారుతుంది. దీనికో మందు జియోసెల్. పాలిమర్ పట్టీలను అతికించి తేనెపట్టులా విప్పుతారు. నేలమీద పరిచి, గదుల్లో మట్టో కంకరో నింపి, గట్టిగా అదుముతారు. గదిలో ఇరుక్కున్న మట్టి పక్కకు కదల్లేదు. పైన పడ్డ బరువు ఒక్కచోటే దిగబడకుండా వెడల్పుగా సర్దుకుంటుంది. ఎంత ఎత్తు గది, ఎంత గట్టి పట్టీ వాడితే గట్టు ఎంత బరువు మోస్తుందన్నదే ఆ పరిశోధన.

తవ్వితేగానీ తెలియని రాయి

చీనాబ్‌లో కథ వేరు. నదికి 359 మీటర్ల ఎత్తున 1,315 మీటర్ల వంతెన, అందులో ఆర్చి ఒక్కటే 467 మీటర్లు. ఇంత బరువునీ మోయాల్సింది ఎన్నో పగుళ్లున్న నిట్టనిలువు కొండ. పైగా భూకంపాల ప్రాంతం. ముందుగా రంధ్రాలు వేసి చూసిన రాయి ఒకటి, తీరా తవ్వాక బయటపడింది మరొకటి. ఎక్కడో బోలు, ఎక్కడో వదులు. అలా బయటపడ్డప్పుడల్లా లెక్కలు మళ్లీ కట్టాలి, రాతిలోకి దించే ఉక్కు యాంకర్ల అమరిక మార్చాలి. కాగితం మీద గీసిందే వేదమనుకుంటే పని నడవదు. నిర్మాణ సంస్థ ఆఫ్కాన్స్‌కు సలహాదారుగా ఆమె 17 ఏళ్లు చేసిందిదే. ఆ అనుభవాన్ని ఇండియన్ జియోటెక్నికల్ జర్నల్‌లో వ్యాసంగా రాసి తర్వాతి ఇంజినీర్లకు అందించారు.

మన నదుల మాటేమిటి?

కోనసీమ మీదుగా కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు రావాలంటే గౌతమి, వైనతేయ, వశిష్ట మూడూ దాటాలి. మనమేమో నీళ్ల పైకి ఎన్ని స్తంభాలు లేచాయని లెక్కపెడతాం. అసలు లెక్క నీళ్ల కిందుంది. ఇక్కడ ఆనుకోవడానికి కొండ లేదు. నదులు మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుక, బంకమట్టే దిక్కు.

కంప్యూటర్ సైన్స్ సీటు రాలేదని సివిల్‌లో చేరి మొహం వేలాడేసుకునే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల ఊరి మట్టే ఒక పీహెచ్‌డీకి సరిపడా ప్రశ్నలు వేస్తోందని ఎవరైనా చెప్పాలి. మాధవీలత దారి చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.