పొరుగు మాటపై నిలిచిన దూరం

నెట్‌వర్క్ మొత్తం పటం ఏ ఒక్క పరికరానికీ తెలియనప్పుడు, గమ్యం ఎంత దూరంలో ఉందో ప్రతి పరికరమూ తన పక్కవాటిని మాత్రమే అడిగి లెక్కకట్టుకోగల పద్ధతికి మూలమైన గణితం 1950లలో రూపుదిద్దుకుంది. లెస్టర్ ఫోర్డ్ 1956లోను, రిచర్డ్ బెల్మన్ 1958లోను వేర్వేరుగా వెలువరించిన ఆ సూత్రం చాలా చిన్నది: గమ్యం తన దూరాన్ని సున్న అని ప్రకటిస్తుంది, తక్కిన ప్రతి పరికరమూ ఒక్కొక్క పొరుగు పరికరం చెప్పిన దూరానికి దానిదాకా ఉన్న లింకు పొడవును కలిపి, వచ్చిన మొత్తాలలో కనిష్ఠమైనదాన్ని తన దూరంగా స్వీకరిస్తుంది. పెత్తనం చేసే కేంద్రం అక్కరలేని ఈ గుణమే కాగితం మీది లెక్కను యంత్రాలలోకి తెచ్చింది.

1969లో నాలుగు కేంద్రాలతో మొదలైన ఆర్పానెట్‌లో నేటి రౌటర్లకు పూర్వీకులైన ఐఎంపీలు ఉండేవి. బీబీఎన్ సంస్థ హనీవెల్ కంప్యూటర్లతో నిర్మించిన ఈ యంత్రాలు దాదాపు సెకనులో మూడింట రెండు వంతుల కాలానికొకసారి తమ దూరాల పట్టికలను పొరుగు ఐఎంపీలకు పంపుకొనేవి. ఇక్కడ దూరమంటే మైళ్లు కాదు, సమాచారపు ప్యాకెట్టు చేరడానికి పట్టే జాప్యం; లింకు ముందు వరుసలో ఎన్ని ప్యాకెట్లు వేచి ఉన్నాయో చూసి దాన్ని అంచనా వేసేవారు. ఒకసారి హార్వర్డ్‌లోని ఐఎంపీ మెమరీ చెడి, అన్ని గమ్యాలకూ తన దూరం సున్న అని చాటగా, ఇతర యంత్రాలు ఆ మాట నమ్మి ప్యాకెట్లను అటే మళ్లించాయి.

అది యంత్రం చెడినందువల్ల వచ్చిన కష్టం. యంత్రాలన్నీ సవ్యంగా ఉన్నా తప్పని లోపం మరొకటుంది, అసలు చిక్కంతా అదే. క, ఖ, గ అనే మూడు పరికరాలు వరుసగా ఉండి, గమ్యం క అయితే, ఖ దూరం 1, గ దూరం 2 అవుతాయి. క–ఖ లింకు తెగిన క్షణాన గ ఇంకా 2 అనే చెబుతుంది. ఆ 2 తన పాత మాట మీదే నిలిచిందని ఎరుగని ఖ తన దూరాన్ని 3గా రాసుకుంటుంది, దాన్ని విని గ 4 అంటుంది, ఇలా లేని దారికి లెక్క అంతులేకుండా పెరుగుతుంది. దూరం తగ్గిన వార్త వెంటనే పాకుతుంది. పెరిగిన వార్త మాత్రం ఈడ్చుకుంటూ సాగుతుంది.

1979 మేలో ఆర్పానెట్ ఈ పద్ధతిని విడిచి, ప్రతి యంత్రానికీ పూర్తి పటాన్ని అందించే మరో పద్ధతికి మారింది. పాత ఆలోచన మాత్రం అంతరించలేదు. 1988లో ప్రామాణిక పత్రంగా వెలువడిన రిప్ నియమావళి 16 అంచెలను (దారిలో దాటే లింకులను) అనంతంగా నిర్వచించి, లెక్క అక్కడ ఆగేలా చేసింది. ఇది చికిత్స కాదు, రోగానికి గడువు పెట్టడం మాత్రమే; పైగా 15 అంచెలకు మించిన నెట్‌వర్క్‌కు అది పనికిరాదు. 1994లో చార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భగవత్ కదిలే పరికరాల కోసం రూపొందించిన డీఎస్‌డీవీ మూలానికి వెళ్లింది: గమ్యం తన ప్రకటనలకు క్రమసంఖ్య వేస్తుంది కనుక, విన్న దూరం తాజాదో పాతదో వినేవారికి తెలుస్తుంది.

లింకులు అంచెలుగా కాక నిజమైన పొడవులతో ఉండే సెన్సర్ల సమూహాలలోను, రోబోల గుంపులలోను ఇదే జబ్బు మరింత ముదురుతుంది. రెండు పరికరాలు ఒక సెంటీమీటరు ఎడంలో ఉండి గమ్యంతో సంబంధం కోల్పోతే, పరస్పర విశ్వాసం వల్ల వాటి అంచనా విడతకొక సెంటీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది; 100 మీటర్లు పెరగడానికి 10,000 విడతలు కావాలి. తరువాత బీబీఎన్‌లోనే పనిచేసిన జేకబ్ బీల్ తన సహచరులతో 2008లో ప్రతిపాదించిన మార్గంలో, ఆధారం తొలగిన పరికరం తనను వెనక్కిలాగే పొరుగు మాటను కొంతసేపు పక్కనపెట్టి, నిర్ణీత వేగంతో తన అంచనాను పెంచుకుంటుంది. ఇందులో అంచనా నిజమైన దూరాన్ని దాటిపోయే అవకాశముంది. 2017లో ఇటలీ పరిశోధకులు జార్జియో ఆడ్రిటో, ఫెరూచియో డమియాని, మిర్కో విరోలి కాలాన్ని కూడా లెక్కలోకి తెచ్చి, సమాచారం ఒక కనీస వేగంతోనైనా ప్రయాణించాలని నిర్బంధం పెట్టారు. చెప్పిన దూరానికి తగని వయసున్న సమాచారం దాంతో బయటపడుతుంది, రెండు పరికరాలు ఒకదాని పాత మాటను మరొకటి ఆసరా చేసుకుని నిలిచే వీలు తగ్గుతుంది.