ఫోన్‌లో థెరపీ: తెలుగులో అడిగి నేర్చుకోండి

నాలుగు నెలల క్రితం బరంపురంలోని మా సంఘం ఆఫీసుకు ఒక తల్లి వచ్చింది. చేతిలో ఇంగ్లీషు కాగితం. "బాబాయిగారూ, బాబుకు రోజూ చేయించమని ఇది ఇచ్చారు. ఏం చేయించాలో తెలియక ఆరు నెలలుగా బీరువాలోనే ఉంచాను" అంది. మూడేళ్ల ఆ బాబుకు సెరిబ్రల్ పాల్సీ. ఆమెకు బజారులో మాట్లాడేంత ఒడియా వచ్చు గాని, ఆసుపత్రిలో చెప్పేది అర్థమయ్యేంత రాదు. జీవితమంతా గుమాస్తాగా కాగితాలు చదివిన నాకే అది సగం అర్థమైంది.

కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు దెబ్బ తగిలితే బిడ్డకు కదలడం, కూర్చోవడం కష్టమవుతుంది. అదే సెరిబ్రల్ పాల్సీ. మెదడుకు తగిలిన ఆ దెబ్బ తర్వాత పెరగదు. పూర్తిగా నయం చేసే మందూ లేదు. కానీ పసివయసులో సాధన చేయిస్తే బిడ్డ కొత్త పనులు నేర్చుకోగలడు. వారానికి ఒక్క అరగంట ఆసుపత్రిలో చేయిస్తే సరిపోదు, రోజూ ఇంట్లో జరగాలి.

ఆన్‌లైన్ థెరపీలో థెరపిస్టు బిడ్డను వీడియోలో చూస్తూ, ఏం చేయించాలో తల్లికి నేర్పుతారు. ప్రయాణ ఖర్చు, పోయే కూలి మిగులుతాయి. మనకు ఇంకో మేలు కూడా ఉంది. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న తెలుగు థెరపిస్టుతో మాట్లాడి, అర్థం కానిది మళ్లీ అడగవచ్చు.

అయితే మొదటి పరీక్ష నేరుగానే జరగాలి. తుంటి కీలు పక్కకు జరుగుతోందా అన్నది ఎక్స్‌రేలో తెలుస్తుంది గాని ఫోన్‌లో తెలియదు. మన ఒడిశాలో కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి:

- బిడ్డ నిద్రమత్తులో గాని ఆకలితో గాని లేని సమయం చూసుకోండి. నేల మీద చాప వేసి, ఒళ్లంతా కనబడేలా ఫోన్ పెట్టండి.
- ఒకేసారి పది పనులు వద్దు. గ్లాసు పట్టుకోవడం, భోజనానికి కూర్చోవడం వంటివి ఒకటి రెండు చాలు. స్నానం, బట్టలు తొడగడం, తినిపించడం అన్నీ సాధనే.
- పడుకోబెట్టి తినిపించకండి. తినేటప్పుడు తరచూ దగ్గు, పొలమారడం ఉంటే డాక్టరుకు చెప్పండి.
- కాళ్లు చేతులు బలవంతంగా లాగవద్దు. నొప్పితో ఏడ్చినా, జ్వరం, ఫిట్స్ వచ్చినా ఆపి డాక్టరును అడగండి.
- ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా విన్నంత మాత్రాన మాట ఆలస్యం కాదు. స్పీచ్ థెరపీ ఇంటి భాషలోనే అడగండి.
- పూర్తిగా నయం చేస్తామని ముందే డబ్బు అడిగేవారిని నమ్మకండి. స్పీచ్ థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ ఉంది. యూడీఐడీ కార్డు చేయించండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో 1 లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చుకు వీలుంది, థెరపీ కూడా అందులోకి వస్తుంది.

ఆ తల్లికి ఒక తెలుగు థెరపిస్టు దొరికారు. గది మూలకు ఆనించి, రెండు పక్కలా దిండ్లు పెట్టి కూర్చోబెట్టమన్నారు. ఇప్పుడు బాబు మధ్యాహ్న భోజనం కూర్చునే తింటున్నాడు. ఇంకా నడవలేదు, నడుస్తాడని ఎవరూ మాట ఇవ్వలేదు. కానీ కాగితం బీరువాలోంచి బయటికొచ్చింది. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే సంఘానికి తీసుకురండి, కూర్చుని చదువుదాం.